పాత కారు: బాగుచేయించుటయా? మార్చుటయా?

మోటారుకారు ధనవంతుల యింటి వైభవముగా నుండిన కాలము గడచిపోయినది. నేడు ఉపాధ్యాయుని యింటను, చిన్న వర్తకుని యింటను, ఉద్యోగము చేయు గృహిణి యింటను, పల్లెలో నాలుగెకరముల రైతు ముంగిటను గూడ నాలుగు చక్రముల బండి యొకటి నిలిచి యుండుట చూచుచున్నాము. కొన్ననాడు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకొన్న యా బండియే, పది పండ్రెండేండ్లు గడచునప్పటికి ఉదయమున దగ్గును, ఎండలో మూల్గును, పెండ్లికి బయలుదేరిన నాడే దారిలో నిలిచిపోవును. అప్పుడు మెకానిక్కు ముందుభాగపు మూత యెత్తి చూచి, తల యాడించి, అఱువదివేలని యొక యంకె చెప్పును. ఆ రాత్రి భోజనమువేళ ఆ యింట నొకే మాట: ఈ సొమ్ము దీనికే పెట్టుదమా, లేక దీనిని వదలించుకొని క్రొత్తది కొందమా?

ఈ సంగతి మగవారును మెకానిక్కును మాటలాడుకొని తేల్చుకొనునది యను భావము మన యిండ్లలో నింకను మిగిలియున్నది. కాని యా సొమ్ము వచ్చునదెచ్చటినుండి? పిల్లల చదువునకని దాచిన దానినుండి. అమ్మాయి పెండ్లికని నెలనెలా కట్టు బంగారపు చీటీనుండి. అత్తగారి వైద్యమునకని వేఱుగా నుంచిన దానినుండి. కావున ఈ నిర్ణయమున గృహిణికి మాట యుండితీరవలెను. మాట యుండవలెనన్నచో విషయము తెలియవలెను. ఇంజను విప్పి బిగించుట మనకు రానక్కఱలేదు. అడుగవలసిన ప్రశ్నలును, వేయవలసిన లెక్కయు వచ్చిన చాలును.

వయస్సు మాట

ఎన్నేండ్లకు కారు ముసలిదగును? ఈ ప్రశ్నకు ఒక్కటే సమాధానము లేదు. మధ్యతరగతి కుటుంబములకు కారు నలవాటు చేసిన మారుతి 800 బండి 1983 డిసెంబరులో వెలువడి, 2014 జనవరిలో తయారగుట మానినది. తయారీ నిలిచి పదేండ్లు దాటినను ఆ బండ్లు కొన్ని నేటికిని మన వీధులలో తిరుగుచునే యున్నవి. నిర్మాణము సాదాగా నుండుట, విడిభాగములు దొరకుట, ఏ యూరి మెకానిక్కుకైనను దాని గుట్టు తెలిసియుండుట యిందుకు కారణములు. మఱియొక వైపు చూడుడు. జనరల్ మోటార్సువారు 2017లో మనదేశమున షెవర్లే కార్ల యమ్మకమును మానుకొనిరి. ఫోర్డువారు 2021లో ఇచ్చటి తయారీని నిలిపివేయుచున్నట్లు ప్రకటించిరి. అట్టి బండ్లకు కాలము గడచినకొలది విడిభాగముల కొఱకు వెదకులాట యెక్కువగును. కావున వయస్సు నడుగుటకంటె, ఈ బండికి భాగములు దొరకునా, బాగుచేయగలవారు మన యూర నున్నారా యని యడుగుట మేలు.

చట్టము మాటయు తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును బట్టి సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. అటుపిమ్మట బండిని రవాణా శాఖవారికి చూపి, నడుపుటకు యోగ్యమని వారు తేల్చినచో 5 సంవత్సరముల చొప్పున పొడిగించుకొనవచ్చును. ఈ పొడిగింపు రుసుము పూర్వము 600 రూపాయలుండెడిది; 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేసిరి. దీనికితోడు హరిత పన్నును గలదు. పదునాలుగేండ్ల బండికి పెద్ద మరమ్మతు చేయింపదలచినవారు ఈ ఖర్చును గూడ ముందే లెక్కలో వేసికొనవలెను. ఢిల్లీలో పాతబండ్లకు వేఱు నియమము లుండి, వానిపై న్యాయస్థానములలో వాదములు జరిగినవి. ఆ వార్తలు చదివి, మన తెలుగునాట పదునైదేండ్లు నిండిన బండిని వెంటనే తుక్కునకు వేయవలెనని భయపడ నక్కఱలేదు.

రోగమేదో తెలియవలెను

మరమ్మతులన్నియు నొక జాతివి గావు. బ్యాటరీ, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్చు ప్లేటు, వైపరు రబ్బర్లు మొదలగునవి అరుగుటకే పుట్టినవి. బ్యాటరీ మూడు నాలుగేండ్లకు చచ్చుట సహజము. ఇవి మార్పవలసివచ్చినదని బండిని తెగనమ్ముట, చెప్పు తెగినదని ప్రయాణము మానుకొనుట వంటిది. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

రెండవ జాతివి మధ్యరకపు మరమ్మతులు. రేడియేటరు కాఱుట, ఏసీ కంప్రెసరు పాడగుట, క్రిందిభాగపు బుష్షులు, షాకబ్జార్బర్లు అరిగి గతుకులలో చప్పుడు చేయుట యిట్టివి. వీనికి సొమ్మగును గాని, చేయించిన పిమ్మట బండి నిశ్చయముగా బాగుపడును.

మూడవ జాతివియే ఆలోచింపవలసినవి. ఇంజను బోరు పని, గేరుబాక్సు పని, బండికి వెన్నెముక వంటి చట్రము తుప్పుపట్టుట యిందులో ముఖ్యములు. ఇంజను స్థితిని పొగ కొంత చెప్పును. నీలిపొగ వచ్చుచున్నదనగా లోపల ఇంజను ఆయిలు కాలుచున్నదన్నమాట. పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగియుండును. నల్లపొగ యనగా ఇంధనము మితిమీరి కాలుచున్నది. ఇది చాలసార్లు చిన్న పనితోనే తీఱును. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువక వచ్చుచు, రేడియేటరు నీరు తఱుగుచున్నచో హెడ్డు గ్యాస్కెట్టు పోయినదేమో చూపింపవలెను. చలికాలపు ఉదయమున కొంచెముసేపు కనబడు తెల్లని యావిరికి మాత్రము భయము లేదు.

విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లలోని సోదరీమణులు తుప్పు విషయమున మఱింత మెలకువగా నుండవలెను. ఉప్పుగాలి యినుమును లోలోపల తినివేయును. తలుపు అంచున కనబడు తుప్పును టింకరింగువాడు బాగుచేయగలడు. చట్రమునను, చక్రములను బండికి కలుపు చోట్లను తుప్పు తినివేసినచో, పైన నెంత చక్కని రంగు వేసినను ప్రయోజనము లేదు. బండిని పైకెత్తించి అడుగుభాగమును చూపింపుమని యడుగుడు. అట్లు చూపుటకు వెనుదీయు షెడ్డును మీరే విడుచుట మంచిది.

అంచనా వ్రాయించుకొనుట యెట్లు?

నోటిమాట అంచనాను నమ్మరాదు. ఏ భాగమునకెంత, కూలి యెంత యని వేర్వేఱుగా కాగితముపై వ్రాయించుకొనుడు. ఇంజను పని యన్నచో, ముందు సిలిండర్ల కంప్రెషను పరీక్ష చేయించి యంకెలు చూపుమనుడు. వైద్యుడు రక్తపరీక్ష లేకయే కడుపు కోయుదునన్నచో మనమూరకుందుమా? రెండవ షెడ్డువానికి మొదటివాని యంకె చెప్పక, బండిని మాత్రము చూపి యడుగుడు. మార్చిన పాతభాగములను తిరిగి యిచ్చివేయవలెనని ముందే చెప్పుడు.

విజయవాడ ఆటోనగరమునను, హైదరాబాదు వనస్థలిపురము ఆటోనగరమునను, విశాఖపట్టణము గాజువాక ప్రాంతమునను పాతభాగములు తక్కువ వెలకు దొరకును. తలుపు, అద్దము, సీటు, దీపము వంటివానిని అట్లు కొనుట తెలివియే. కాని బ్రేకులు, స్టీరింగు, టైర్లు వీనియందు వాడినవియు, నకిలీవియు ఎన్నడును పనికిరావు. అచ్చట ఆదా చేసిన వేయి రూపాయలు ప్రాణముల మీదికి వచ్చును.

అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు: “ఇది యిప్పుడే చేయింపనిచో నేమగును?” కొన్నిటికి “కొంచెము చప్పుడగును, అంతే” యని సమాధానము వచ్చును, అవి వేచియుండగలవు. కొన్నిటికి “బ్రేకు పడదు” అని వచ్చును, అవి వేచియుండలేవు. కొన్ని యింజనులలో లోపలి భాగములను త్రిప్పుటకు గొలుసునకు బదులు టైమింగు బెల్టు అను రబ్బరు పట్టీ యుండును. కంపెనీవారు చెప్పిన దూరము తిరిగిన పిమ్మట దానిని మార్పవలెను. అది తెగినచో పెక్కు బండ్లలో వాల్వులును పిస్టన్లును ఢీకొని యింజనే చెడును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి?

లెక్క వేయుట

బండి వెలలో సగమునకు మించి మరమ్మతు అగుచున్నచో దానిని అమ్మివేయవలెనని పలువురందురు. ఈ సూత్రము తేలికగా నుండును గాని సరియైనది కాదు. మనము పోల్చవలసినది మరమ్మతును బండి వెలతో గాదు. బాగుచేయించిన బండికి నెల కెంతయగును, దాని స్థానమున వచ్చుదానికి నెల కెంతయగును అను రెంటిని. ఒక యుదాహరణము చూతము. ఇవి యూహించిన యంకెలు. మీ యింటి యంకెలను వీని స్థానమున వేసికొనుడు.

పండ్రెండేండ్ల బండి ఉన్నది యున్నట్లు అమ్మినచో లక్ష రూపాయలు వచ్చుననుకొందము. మరమ్మతునకు 60,000. అటుపై రెండేండ్లు నడచును. ఏడాదికి మామూలు పనులకు 20,000 చొప్పున రెండేండ్లకు 40,000. రెండేండ్ల తరువాత అమ్మినచో 60,000 వచ్చును. అనగా వెలలో తఱుగు 40,000. మొత్తము 1,40,000. దీనిని 24 నెలలకు పంచినచో నెలకు సుమారు 5,830 రూపాయలు.

ఇక క్రొత్త బండి. పన్నులతో సహా 8,00,000. పాతబండి యమ్మిన లక్షయు, దాచిన లక్షయు ఇచ్చి, తక్కిన 6,00,000 నూటికి ఏడాదికి 9 రూపాయల వడ్డీపై అయిదేండ్లకు అప్పు తెచ్చితిమి. నెలవాయిదా సుమారు 12,455. అయిదేండ్లలో వడ్డీయే సుమారు 1,47,000 అగును. మొదటి రెండేండ్ల వడ్డీ సుమారు 90,000. రెండేండ్ల పిమ్మట బండి 5,50,000 చేయుననుకొన్నచో తఱుగు 2,50,000. సర్వీసుల కొక 10,000. మొత్తము 3,50,000, నెలకు సుమారు 14,580.

క్రొత్తబండి పెట్రోలు తక్కువ త్రాగునందురు. నిజమే. పాతది లీటరుకు 12 కిలోమీటర్లు, క్రొత్తది 18 నడచుననుకొందము. నెలకు 800 కిలోమీటర్లు తిరుగు యింటికి, లీటరు 108 రూపాయల చొప్పున, పాతదానికి 7,200, క్రొత్తదానికి 4,800. ఆదా 2,400. దీనిని తీసివేసినను క్రొత్తబండి నెలకు 12,180 అగుచున్నది. పాతదానికంటె ఇంచుమించు 6,350 ఎక్కువ. అనగా పెట్రోలు కలిసివచ్చునని క్రొత్తబండి కొనుట, ఇట్టి యింటికి, అప్పుచేసి పప్పుకూడు తినుటయే. అదే, నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగు వ్యాపారస్థుని యింటిలో పెట్రోలు ఆదా 9,000 అగును. అప్పుడు రెండు లెక్కలును ఒక్కచోటికి వచ్చును. కావున మీ బండి నెలకెంత తిరుగుచున్నదో మొదట చూచుకొనుడు. సగము సమాధానము అందే యున్నది.

ఇంకొక మాట. “పోయిన యేడే నలుబదివేలు పెట్టితిమి గదా, ఇప్పుడు విడుచుట యెట్లు?” అని మనసు లాగుచుండును. పోయిన సొమ్ము పోయినదే. ఇక ముందు పెట్టబోవు సొమ్మునకు ఫలమున్నదా యనునదే ప్రశ్న. చిల్లుకుండలో నిన్న నీరు పోసితిమని నేడును పోయుచుందుమా?

లెక్కకు లొంగనిది

ఇంతవఱకు చూచినదానిని బట్టి, సొమ్ము మాట యొక్కటే యైనచో చాల యిండ్లకు బాగుచేయించుటయే కలిసివచ్చును. కాని యా బండిలో కూర్చుండువారెవరు? మన బిడ్డలు. మరమ్మతు పాతదానిని పాతదానివలెనే చక్కజేయును. దానియందు మొదటినుండి లేనిదానిని తెచ్చిపెట్టలేదు. మనదేశమున కార్లన్నిటికి డ్రైవరు ముందర ఎయిర్‌బ్యాగు 2019 జులై నుండి విధిగా వచ్చినది. ప్రక్కవారికి గూడ నుండవలెనను నియమము 2021లో వచ్చినది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగుసుకొని బండి జాఱకుండ కాచు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి కార్లన్నిటికిని వచ్చినది. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష మొదలై, బండ్లను ఢీకొట్టించి చూచి నక్షత్రముల గుర్తులిచ్చుచున్నారు.

ఊరిలో బజారుకు, బడికి మెల్లగా తిరుగు బండికిని, వారమునకొకమాఱు కుటుంబమును జాతీయ రహదారిపై నూఱు కిలోమీటర్ల వేగమున గొనిపోవు బండికిని భేదమున్నది. రెండవదియై, ఈ రక్షణములేవియు లేనిదైనచో, నెలకు ఆరువేలు ఎక్కువైనను మార్చుటయే న్యాయము. అంతవఱకు ఉన్న బండియందే చేయదగినవి చేయుడు. వెనుక కూర్చున్నవారును బెల్టు పెట్టుకొనుడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకమాఱు మార్పించుడు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్లు బాగుగ కనబడుచున్నను, ఆరేండ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పును.

పెట్రోలు మాటయు నొకటి కలదు. 2025 నాటికి మనదేశమున పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట సర్వసాధారణమైనది. 2023 ఏప్రిల్ నుండి తయారైన బండ్లలో దీనికి తగిన భాగములు వేయుచున్నారు. అంతకుముందరి వానియందు మైలేజీ కొంత తగ్గును. ఇంధనము పాఱు రబ్బరు గొట్టములును, గ్యాస్కెట్లును త్వరగా చెడవచ్చును. సర్వీసునకిచ్చినప్పుడెల్ల వానిని చూడుమని చెప్పుట మఱువకుడు. పెట్రోలు వాసన వచ్చినచో బండిని అసలే కదల్పరాదు.

బీమా సంగతులు

అరుగుదలచే చెడిన భాగములకు మామూలు బీమా సొమ్మునీయదు. ప్రమాదము జరిగిననే యిచ్చును. అప్పుడును రబ్బరు, ప్లాస్టిక్కు భాగములకును, బ్యాటరీకిని సగమే యిత్తురు. పదేండ్లు దాటిన బండికి లోహభాగములకును సగమే. బీమా చేసిన విలువలో నూటికి 75 పాళ్లకు మించి మరమ్మతగునెడల బండి పూర్తిగా పోయినట్లే యెంచి లెక్క తేల్తురు. మూడవవారికి కలుగు నష్టమునకు బీమా మాత్రము చట్టమును బట్టి ఎంత పాతబండికైనను తప్పదు.

సోదరీమణులలో చాలమంది యెఱుగని లాభమొకటి చెప్పెదను. పరిహారము కోరని యేడులకు బీమావారిచ్చు తగ్గింపు మొదటి యేట నూటికి 20తో మొదలై 50 వఱకు పెరుగును. ఇది బండిది కాదు, యజమానిది. పాతబండి నమ్మునప్పుడు బీమావారినుండి పత్రము తీసికొని, మూడేండ్లలోగా మీ క్రొత్తబండికి వాడుకొనవచ్చును. అడిగినవారికే యిది దక్కును.

మార్పదలచినచో

మార్పనగా క్రొత్తదే కొనవలెనని లేదు. బండికి తఱుగు మొదటి యేండ్లలోనే హెచ్చు. బీమావారి పట్టికలోనే అయిదేండ్లకు విలువ సగమగును. కావున నాలుగైదేండ్లు నడచి, సర్వీసు పుస్తకము సరిగానున్న బండిని, మీకు తెలిసిన మెకానిక్కుచే చూపించి కొన్నచో, మొదటి తఱుగును వేఱొకరు భరించినట్లగును. దానికి ఎయిర్‌బ్యాగులున్నవా, దానిపై అప్పు తీఱినదా యని తప్పక చూడుడు. క్రొత్తదే కావలెనన్నవారికి 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గుట కొంత యూఱట. నెలకు రెండు మూడువందల కిలోమీటర్లు గూడ తిరుగని యిండ్లవారు మూడవ దారియు నాలోచింపవచ్చును: బండి లేకయే యుండి, కావలసినప్పుడు బాడుగ బండి పిలుచుకొనుట. ఇందు చిన్నతనమేమియు లేదు.

అమ్మునప్పటి జాగ్రత్త యన్నిటికంటె ముఖ్యము. సొమ్ము చేతబడినది, బండి పోయినది, పని ముగిసినదని యనుకొనరాదు. 29, 30 నంబరు ఫారములపై సంతకములు చేసి, రవాణా శాఖవారి పుస్తకములలో కొన్నవారి పేరు ఎక్కువఱకు వెంటబడవలెను. ఒకే రాష్ట్రములోనైనచో 14 దినములలో తెలుపవలెనని చట్టము. పుస్తకములలో ఎవరి పేరున్నదో వారే యజమానియని, ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు బాధ్యత వారిదేయని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పిచ్చినది. ఎప్పుడో అమ్మిన బండికై, ఎవరో చేసిన ప్రమాదమునకు మీ యింటికి కోర్టు కాగితము వచ్చుట కంటె దుర్గతి యేమున్నది? భర్త గతించిన స్త్రీలు ఆయన పేరనున్న బండిని అమ్ముటకు ముందు ఆ పేరును తమకు మార్పించుకొనుట గూడ మఱువరాదు.

బండి యెవరికిని పనికిరానిదైనచో, వీథిచివరి తుక్కువానికి గాక, ప్రభుత్వ గుర్తింపు గల తుక్కు కేంద్రమునకే యప్పగింపవలెను. 2021 నాటి నియమముల ప్రకారము వారొక ధ్రువపత్రమిత్తురు. దానిని బట్టి క్రొత్తబండిపై పన్నులో నూటికి 25 వఱకు తగ్గింపు నీయవచ్చునని కేంద్రము నిర్ణయించినది. మీ రాష్ట్రమున నెంత యిచ్చుచున్నారో కొనుటకు ముందే విచారించుకొనుడు. ఆ పత్రముతో రిజిస్ట్రేషనును రద్దు చేయించిననే మీ బాధ్యత తీఱును.

మమత మాట

పురిటినుండి పసిబిడ్డను తెచ్చుకొన్న బండి, మామగారు తుదిసారి తిరుపతికి వెళ్లిన బండి యని మనసు దానిని విడువనొల్లదు. ఆ మమతను నవ్వులాటగా దీసివేయరాదు. ఇంటివారందఱు ఎఱిగి, యిష్టపడి, ఇంత సొమ్ము మమతకే పెట్టుచున్నామని నిశ్చయించుకొన్నచో అదియు నొక న్యాయమే. కాని మమతను పొదుపని పిలిచి లెక్కను తాఱుమాఱు చేసికొనరాదు. పొరుగింటివారు క్రొత్తబండి తెచ్చిరని కలుగు చిన్నతనమును అవసరమని పిలుచుటయు నట్టిదే.

కావున సోదరీమణులారా, బండి దారిలో నిలిచిపోయిన నాటి తొందరలో ఈ నిర్ణయము చేయకుడు. చిన్న నోటుపుస్తకము నొకదానిని బండియందే యుంచి, పోసిన పెట్రోలు, తిరిగిన దూరము, చేయించిన పనులు తేదీలతో వ్రాయుచుండుడు. ఈ సంవత్సరము దీనికింతకు మించి పెట్టము అని యుగాదినాడే యొక హద్దు గీసికొనుడు. ఆ హద్దు దాటు అంచనా వచ్చిననాడు, షెడ్డువాని తొందరయు, షోరూమువాని తీపిమాటలును మిమ్ము కదల్పజాలవు. మీ పుస్తకమే మీకు సమాధానము చెప్పును.